పేనా పుట్టించిన పుస్తకం

దోన్ రోములో కళ్ళజోడు తీసి, జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకోవడం చూసి ఎనీల్దా చేతిలో నీళ్ళ చెంబుతో అక్కడే ఆగిపోయింది.

పిల్లల అభిప్రాయాల గోడ ముందు నిలబడి ఉన్నాడాయన. గోడ నిండా రంగురంగుల కార్డులు. ఆయన ముక్కుకు సరిగ్గా ఎదురుగా ఉన్నది పసుపు కార్డు. ఆ పసుపు కార్డు ఆయన కంట పడకూడదని ఎనీల్దా సోమవారం నుంచీ చేయని పని లేదు. దాని ముందు కుర్చీ వేసింది. కుర్చీ మీద కుండీ పెట్టింది. కుండీలో మొక్కకు పూటపూటా నీళ్ళు పోసి, ఏపుగా ఎదగమ్మా అని బతిమాలింది. మొక్క ఎదగలేదు. దోన్ రోములో మాత్రం డెబ్బయ్యేళ్ళ కిందటే ఎదగడం మొదలుపెట్టిన మనిషి, తాటిచెట్టంత ఉంటాడు. మొక్క నెత్తి మీదుగా తాపీగా చదువుకున్నాడు.

"సేన్యో ఎనీల్దా, ఎవరీ పిల్ల?" అన్నాడు.

ఆ నదీతీరంలో పెద్దమనుషుల పేరుకు ముందు దోన్ అంటారు, పిల్లలు టీచరమ్మలను సేన్యో అంటారు. ఎనీల్దా టీచరు కాదు, గ్రంథాలయం చూసుకునే మనిషి. అయినా పిల్లల చేత పుస్తకం పట్టిస్తుంది గనక ఆమే ఊరందరికీ సేన్యో.

"ఏ పిల్లండీ?" అంది, గోడ నిండా ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేనట్టు కంగారుపడుతూ.

ఆయన కార్డును గోడ మీదే ఉంచి, పైకి చదివాడు: "'నా నదికి నివాళి' చదివాను. నాకు పేనా వేసింది. నలభయ్యో పేజీ దగ్గర ఎంత పేనా వేసిందంటే, పుస్తకం మూసేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. మా అమ్మకు చూపించలేకపోయాను. ఇట్లు, దయానిస్."

చదివి, మళ్ళీ జేబురుమాలు తీశాడు. "ఏడుపు ఆపుకోలేక పుస్తకం మూసేసింది చూశారా! తల్లి కూడా ఏడుస్తుందని ఆవిడకు చూపించలేదు! బ్యూనస్ ఐరిస్‌లో పెద్దపెద్ద పత్రికలవాళ్ళు నా పుస్తకాల మీద పేజీలకు పేజీలు రాశారు సేన్యో. ఈ నాలుగు ముక్కల ముందు అవన్నీ పొట్లాలు కట్టుకోవడానికి కూడా పనికిరావు."

ఎనీల్దా కుండీని ఇంకాస్త కార్డు వైపు జరిపింది.

చిక్కల్లా ఆ ఒక్క మాటతోనే. ఈ తీరంలో పేనా అంటే సిగ్గు. నలుగురిలో పరువు పోయినప్పుడు మొహం ఎర్రబడుతుందే, ఆ సిగ్గు. సముద్రం వైపు ఎంత దూరం పోయినా ఇక్కడివాళ్ళకు పేనా అంటే అదే. కానీ దోన్ రోములో తొమ్మిదో ఏట తండ్రి వెంట బ్యూనస్ ఐరిస్ వెళ్ళి, అక్కడే పెరిగి, అక్కడే రచయితై, పోయినేడే ఊరికి తిరిగొచ్చాడు. భాష ఒకటే గానీ అక్కడ పేనా అంటే దుఃఖం. ఇక్కడి అర్థం ఆయనకు చిన్నప్పుడు తెలిసే ఉండాలి. అయితే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి సిగ్గుతో పనేముంది? దాన్ని రేవులోనే వదిలేసి పడవెక్కాడు.

దయానిస్ రాసింది, మీ పుస్తకం చదివి సిగ్గుతో చచ్చానని. ఆయన చదివింది, ఏడ్చి చచ్చానని. పిల్ల పేరులో దయ ఉంది గానీ కార్డులో లేదు.

"శనివారం మీ పిల్లల ముచ్చట్ల సభ ఉందిగా?" అన్నాడు దోన్ రోములో. "నేనూ వస్తాను. దషానిస్ చేత ఈ కార్డు అందరి ముందూ చదివించండి. ఏ వాక్యం దగ్గర పేనా వేసిందో నేను స్వయంగా అడిగి తెలుసుకోవాలి."

పేర్లలో 'య' వస్తే 'ష' అనడం ఆయనకు బ్యూనస్ ఐరిస్ ఇచ్చి పంపిన మరో కానుక. దయానిస్ దషానిస్ అయింది. దయ పోయి దశ పట్టుకుంది. ఆ దశ ఎవరిదో శనివారం తేలుతుంది.

ఆయన వెళ్ళాక ఎనీల్దా పుస్తకాల బల్ల పట్టుకుని నిలబడింది. ముచ్చట్ల సభ అన్న మాట వింటేనే ముచ్చెమటలు పోశాయి.

దోన్ రోములో పేరు చెబితే ఆమెకు రోమాలు నిక్కబొడుచుకోవడానికి కారణం ఆయన కోపం కాదు, ఆయన కొంప. ఆయన ఊరికి రాకముందు గ్రంథాలయం రేవు పక్కన ఉండేది. నది పొంగినప్పుడల్లా గ్రంథాలయం కాస్తా గ్రంథాల లయం. మిగిలినవి చదువరులకన్నా ముందు చెదపురుగులు చదివేవి. మునిసిపాలిటీ వాళ్ళను అడిగితే, చోటు చూస్తున్నామన్నారు, చూస్తూనే ఉన్నారు. అప్పుడు ఈయన వచ్చి, తన ఇంట్లో ముందరి మూడు గదులూ గ్రంథాలయానికి ఇచ్చాడు. కాగితం లేదు, అద్దె లేదు, ఒట్టి మాట. "పిల్లలు వస్తున్నన్నాళ్ళూ ఉంచుకోండి" అన్నాడు. ఊరంతా చూస్తుండగా పిల్లల చేత నవ్వులపాలైన మనిషి, ఆ పిల్లల కోసం ఇల్లు ఉంచుతాడా? మాట మీద వచ్చిన గదులు, మరో మాట మీద పోతాయి. ఆ మరో మాట పేనా.

ఆ పసుపు కార్డు తీసేస్తే పీడా పోతుందిగా అంటే, తీయలేదు. పిల్లలకు మాటిచ్చింది.

మొదట్లో పిల్లలు అభిప్రాయం రాయమంటే అభిప్రాయం తప్ప అన్నీ రాసేవారు. బళ్ళో మార్కులు పడే వాక్యమే అందరి కార్డుల్లోనూ: "చాలా బాగుంది. ఎన్నో విషయాలు నేర్చుకున్నాను." హాదెర్ అనే పదహారేళ్ళ ఘటం ఉన్నాడు, వాడు హాజరైతే అందరికీ హడల్. వాడు మంటలార్పే సీసాకు కూడా ఆ కార్డు అంటించాడు: చాలా బాగుంది, ఎన్నో విషయాలు నేర్చుకున్నాను. ఆ ప్రాయంలో అభిప్రాయాలకు లోటా? నోరు విప్పితే పొర్లిపోయే పిల్లలు కలం పట్టగానే పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతున్నారు. చివరికి ఎనీల్దా విసిగి, "బాగుందా లేదా అని రాయకండర్రా. చదువుతుంటే మీకేమైందో రాయండి. నిద్రొస్తే నిద్రొచ్చిందని, ఒళ్ళు మండితే మండిందని. నేను ఒక్క కార్డూ తీయను, ఒక్క అక్షరమూ దిద్దను, దేవుడి మీదొట్టు" అంది.

అంతే, నెల తిరక్కుండా గోడ నిండింది. ఎండకు చేపలు తిప్పే పిల్లలు, పడవలకు తాళ్ళు కట్టే పిల్లలు, ఎవరేం రాశారో చూద్దామని రావడం, ఒప్పుకోక తగువుపడటం, తగువు నెగ్గడానికి పుస్తకం పట్టుకుపోవడం. ఆమె ఇరవయ్యేళ్ళ కొలువులో అంత సంబరం ఎరగదు. ఇప్పుడా సంబరమే ఆమె మెడకు చుట్టుకుంది.

పేనా అనే పేను ఆ గురువారం ఎనీల్దా తలలో దూరింది. తెల్లారేదాకా తొలిచింది.

శుక్రవారం బడి వదలగానే దయానిస్ వచ్చింది. చామనఛాయ, బిగించి అల్లిన జడలు, చేతిలో వేయించిన అరటికాయ బిళ్ళల పొట్లం. ఎనీల్దా తలుపు ఓరగా వేసింది.

"అమ్మాయ్, రేపు దోన్ రోములో వస్తున్నారు. నీ కార్డు నీ నోట వినాలంటున్నారు."

దయానిస్ నమలడం ఆపేసింది. "తిడతారా సేన్యో?"

"తిడితే బాగుండును. మురిసిపోతున్నాడమ్మా. ఆయన పెరిగినచోట పేనా అంటే దుఃఖమట. నువ్వు ఏడ్చావనుకుంటున్నాడు."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో! ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది... నువ్వు పేనా అన్నావు. ఆయన దుఃఖం అనుకున్నాడు. నువ్వు అబద్ధమేమీ ఆడక్కర్లా. ఆయన అడిగితే అవునండీ అని తలూపు. చాలు."

"తలూపితే అబద్ధం కాదా?"

"తలేగా, నోరు కాదుగా."

దయానిస్ అరటికాయ బిళ్ళ వంక చూస్తూ అంది: "చదువుతుంటే మీకేమైందో రాయండి అని మీరే అన్నారు సేన్యో. నాకేమైందో రాశాను. ఇప్పుడు నాకు వేరేది అయిందని చెప్పమంటున్నారు."

తలుపు సందులోంచి హాదెర్ తల దూర్చాడు. ఎప్పటినుంచి వింటున్నాడో! "నేను నేర్పిస్తా సేన్యో! ఉల్లిపాయ తెస్తా. నలభయ్యో పేజీలో పెట్టి చదివిందంటే, కన్నీళ్ళు నది దాకా పారతాయి."

"నువ్వు నోరు ముయ్యరా!"

"మూస్తాను. కానీ రేపు మొదటి వరసలో కుర్చీ నాదే. ఇలాంటిది మళ్ళీ దొరకదు."

అప్పటికప్పుడు ఊరంతటికీ తెలిసిపోయినట్టే. హాదెర్ చెవిలో పడ్డ మాట హడావుడిగా నాలుగు వీధులు తిరిగి వచ్చేది. ఎనీల్దా పిల్ల చెయ్యి పట్టుకుంది. "పోనీ, రేపు జ్వరమని చెప్పి రాకు."

దయానిస్ చెయ్యి లాక్కోలేదు. కానీ ఎనీల్దా వంక ఎలా చూసిందంటే, చిన్నపిల్ల చేతిలో పెద్దావిడ దొంగగా దొరికిపోయినట్టయింది. "వస్తాను సేన్యో. కార్డు చదువుతాను. కార్డులో ఉన్నదే చదువుతాను" అని, పొట్లం బల్ల మీదే మరిచిపోయి వెళ్ళింది.

శనివారం కుర్చీలు చాలలేదు. ఎప్పుడూ రాని పిల్లలు కూడా వచ్చి కిటికీలెక్కారు. ఎనీల్దా ప్రతి మొహం వంకా చూసింది. అందరి మొహాల్లోనూ లోపల అదిమిపెట్టిన నవ్వు, పొంగబోయే పాలగిన్నెలా ఉంది. దోన్ రోములో తెల్లకోటు వేసుకుని, మెడకు పట్టు రుమాలు కట్టుకుని, పెళ్ళికొడుకులా వచ్చి కూర్చున్నాడు. పైన పంకా కిర్రుకిర్రుమంటోంది.

దయానిస్ లేచి కార్డు చదివింది. "నాకు పేనా వేసింది" అన్నప్పుడు కిటికీలో ఎవరో కిచకిచలాడారు. "చుట్టూ చూశాను" అన్నప్పుడు హాదెర్ పిడికిలి నోట్లో పెట్టుకున్నాడు. "మా అమ్మకు చూపించలేకపోయాను" అనేసరికి గది సగం భుజాలు కుదుపుకుంటోంది.

దోన్ రోములో చుట్టూ చూశాడు, నొచ్చుకున్నట్టు. లేచి నిలబడ్డాడు.

"నవ్వుతారేమిటర్రా? పేనా పడటానికి సిగ్గెందుకు?"

గది గొల్లుమంది.

"నేను ఈ పుస్తకం రాసినంతకాలమూ పేనాతోనే రాశాను," అన్నాడాయన గొంతు పెంచి. "ఒక్కో పేజీ రాస్తుంటే ఎంత పేనా వేసేదో నాకే తెలుసు!"

"చదివేవాళ్ళకూ తెలుసండీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఒకడు కుర్చీలోంచి జారిపోయాడు. హాదెర్ కళ్ళలోంచి ఉల్లిపాయ లేకుండానే నీళ్ళు కారుతున్నాయి.

"మా అమ్మ," అన్నాడు దోన్ రోములో, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "పాపం, నన్ను తలుచుకుని బతికినంతకాలం పేనా పడింది."

ఇక ఆగలేదు. కిటికీలు, కుర్చీలు, గోడలు, గోడ మీది కార్డులు, అన్నీ నవ్వాయి. ఆ నవ్వుల మధ్య తెల్లకోటు వేసుకున్న ఆ పొడవాటి మనిషి, ఏమీ అర్థంకాక, చెయ్యి ఇంకా గుండె మీదే ఉంచుకుని నిలబడ్డాడు. నవ్వనివాళ్ళు ఇద్దరే. దయానిస్, ఎనీల్దా. దయానిస్ కార్డును నలిపేస్తోంది. ఆమె ఎనీల్దా వంక చూసింది.

ఎనీల్దా నోరు మూసుకుంటే గదులు నిలుస్తాయేమో. ఆయన ఇంకో రెండు ముక్కలు చెప్పి, ఈ ఊరి పిల్లలకు మర్యాద తెలియదనుకుని వెళ్ళిపోతాడు. పేనా ఏమిటో ఆయనకెప్పటికీ తెలియకపోవచ్చు. ఊరికి మాత్రం ఎప్పటికీ తెలుసు. ఆయన రొట్టెల కొట్టుకు వెళితే వెనక నవ్వుతారు. పడవెక్కితే నవ్వుతారు. తన సొంత ఇంట్లో, తను ఇచ్చిన గదిలో, తల్లిని తలుచుకున్నందుకు నవ్వుతారు. గదులు కాపాడుకోవడానికి ఇంత ఖరీదు ఆ మనిషి చేత కట్టించాలా?

ఎనీల్దా లేచింది. రెండు చేతులతో బల్ల పట్టుకుంది.

"దోన్ రోములో, మన ఊళ్ళో పేనా అంటే దుఃఖం కాదండీ."

నవ్వు టక్కున ఆగింది.

"మరి?"

"సిగ్గండీ. పిల్ల మీ పుస్తకం చదివి సిగ్గుపడిందండీ."

ఆయన మొహంలో ముందు ఏమీ కదల్లేదు. తరవాత మెల్లగా, ఇప్పటిదాకా తను అన్న మాటలన్నిటినీ వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు, చెవులు ఎర్రబడుతూ వచ్చాయి.

"అంటే ఇందాక నేనన్నవన్నీ..."

"అవునండీ."

"మా అమ్మ సంగతి కూడా?"

"అదీనండీ."

గుండె మీంచి చెయ్యి తీసేశాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచి, కుర్చీలో కూర్చున్నాడు. ఎనీల్దాకు ఖాళీ గదులు కనిపించాయి. రేవు పక్కన బురద నీళ్ళలో తేలే అట్టలు కనిపించాయి.

"నలభయ్యో పేజీలో ఏముంది సిగ్గుపడటానికి?" అడిగాడాయన దయానిస్‌ను. పేజీ దగ్గర పేచీ పెట్టే గొంతు కాదది. నిజంగానే అడుగుతున్నాడు.

దయానిస్ నలిగిన కార్డును చదును చేసుకుంది. "మీ ఇనేసితా చేపలమ్మే మనిషి కదండీ. గంప ముందు కూర్చుని చేపకు చెబుతుంది, ఓ వెండి బిడ్డా, నది నీ ఊయల, నా కన్నీరు నీ నది అని. మా అమ్మ కూడా చేపలే అమ్ముతుంది. మా అమ్మ చేపలకేమీ చెప్పదు. కొనడానికొచ్చిన వాళ్ళకు చెబుతుంది. అది వింటే మీరు చెవులు మూసుకుంటారు. పడవలో కూర్చుని చదువుతున్నా. పక్కన మా వాడకట్టు వాళ్ళే. వాళ్ళు పేజీలోకి తొంగిచూసి, మీ అమ్మ ఇలాగే మాట్లాడుతుందా అంటే ఏం చెప్పను? చెయ్యి అడ్డం పెట్టుకున్నా."

"మూసేసినదానివి, మళ్ళీ ఎందుకు తెరిచావు?"

"ఇనేసితా చివరికి ఒక్క చేపైనా అమ్ముతుందేమోనని."

దోన్ రోములో నుదురు ముడుచుకున్నాడు. పుస్తకమంతా తలలో తిప్పి చూసుకుంటున్నాడు. "అమ్మదు," అన్నాడు నెమ్మదిగా.

"అమ్మదండీ. మూడొందల పేజీలు. గంప అలాగే ఉంది. ఈ ఎండకు కంపు కొట్టదా?"

ఎవరూ నవ్వలేదు. హాదెర్ కూడా.

"అయితే చివరిదాకా చదివావన్నమాట." ఆయన లేచి గది వైపు తిరిగాడు. "మిగతావాళ్ళు? ఈ పుస్తకం చదివినవాళ్ళు చేతులెత్తండి."

దయానిస్ ఒక్కతే ఎత్తింది. ఆయన ఇచ్చిన పెట్టెడు ప్రతులు బీరువాలో కొత్త వాసనతో అలాగే ఉన్నాయి. ఆయన చూపు వరస వరసా దాటుకుంటూ వచ్చి ఎనీల్దా చేతుల మీద ఆగింది. చేతులు బల్లనే పట్టుకుని ఉన్నాయి.

"సేన్యో?"

"పదకొండో పేజీ దాకండీ" అంది ఎనీల్దా. నిజం ఒకసారి మొదలెట్టాక ఆపడం తెలియలేదు.

"అంటే పేనా పడే హక్కు ఈ గదిలో ఒక్క దషానిస్‌కే ఉంది. మీరంతా చదవకుండానే నవ్వారు!" ఆయన గొంతు ఇప్పుడు లేచింది, పంకా చప్పుడు మునిగిపోయేలా. "నన్ను చూసి నవ్వండి. కానీ చదివి నవ్వండి! వచ్చే శనివారం ఒక్కొక్కడూ నాకు చెప్పాలి, ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర, ఎంత పేనా వేసిందో. చదవకుండా నవ్వేవాడు నా ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు!"

అని లోపలి తలుపు వైపు నడిచాడు. ఎనీల్దా వెనకే పరిగెత్తింది. మొలలో దోపుకున్న తాళంచెవులు తీసి, ముందుకు చాపింది. "దోన్ రోములో, ఇవి మీకు..."

ఆయన తాళంచెవుల వంక చూసి విసుక్కున్నాడు. "నాకెందుకు? శనివారం తలుపు నన్ను తీయమంటారా?"

రెండడుగులు వేసి, మళ్ళీ ఆగి, దయానిస్‌ను కేకేశాడు. "మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?"

"రేవు మెట్ల దగ్గరండీ. పొద్దున్నే."

"వచ్చి వింటాను."

"రండి. కానీ కొనకుండా నిలబడకండి. వినడానికే వచ్చానంటే మా అమ్మ ఊరుకోదు."

ఆయన తలుపు వేసుకున్నాడు. మెల్లగా వేశాడో, విసురుగా వేశాడో ఎనీల్దాకు తేల్చుకోవడం చేతకాలేదు.

వెనక్కి వచ్చేసరికి బీరువా దగ్గర తోపులాట. "నాకో ప్రతి!" "నేను ముందొచ్చా!" "సేన్యో, తిన్నగా నలభయ్యో పేజీ నుంచి మొదలెట్టొచ్చా?" అని హాదెర్.

"మొదటి పేజీ నుంచి!" అని గద్దించింది ఎనీల్దా.

సభ చెదిరింది. ఇన్నాళ్ళూ ఒక్క కార్డు భయంతో వణికిన మనిషికి ఇప్పుడు గది నిండా కార్డుల భయం పట్టుకుంది. వచ్చే శనివారం ఇంతమంది, ఇన్ని పేజీలు, ఇంత పేనా, అంతా ఆ మనిషి మొహం మీదే. అందులో తనదీ ఒకటుంటుంది. బీరువాలో మిగిలిన చివరి ప్రతి తీసుకుని, కిటికీ పక్క కుర్చీ లాక్కుని, ఎనీల్దా పన్నెండో పేజీ తెరిచింది.